కుప్పం ఫైల్లో మొదటి వరుస

దయ్యం కనిపించిందని పత్రిక ఆఫీసుకు ఫోన్లు వచ్చేవి. ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అని అడిగేసరికి సగం మంది పెట్టేసేవారు. ముప్పై ఏళ్లలో అలాంటి వార్త ఒక్కటీ నేను పేజీలోకి పోనివ్వలేదు. ఇప్పుడు రాస్తున్నది నేను పక్కనుండి చూసినది.

రిటైరయ్యాక మదనపల్లెలో ఒక సేవాసంస్థకు ఉత్తరాలు రాసిపెడుతున్నాను. షుగరు ఉన్న పేద పిల్లలకు వాళ్లు ఇన్సులిన్ ఇస్తారు. ఆ రోజు మందు అందాల్సిన పిల్లల పేర్లు పొద్దున్నే పుంగనూరు, కుప్పం కేంద్రాల నుంచి రెండు ఫైళ్లుగా వస్తాయి. కంప్యూటరు రెండింటినీ కలిపి ఒక జాబితా చేస్తుంది. దాన్ని బట్టి ఐసుపెట్టెలు సర్ది వ్యాను పంపుతారు. జాబితాలో లేని పేరుకు మందు వెళ్లదు. ఈ పని చూసేది లత.

కుప్పం ఫైలు పంపే మునియప్ప ఒకప్పుడు పట్టుగూళ్ల మార్కెట్లో గుమాస్తా. కొత్త పుస్తకం మొదలుపెట్టినట్టే రోజూ ఫైల్లో మొదటి వరుసలో ‘శ్రీ’ అని కొట్టి, కింద పేర్లు రాసేవాడు. దానికి పేషెంటు నంబరు ఉండదు కాబట్టి మొదట్లో జాబితా ఆగిపోయేది. లత ఫోన్ చేసి మానెయ్యమంది.

"శ్రీ పెట్టకుండా పని ఎట్ట మొదలుపెట్టాలమ్మా? అడ్డమొస్తాండాదంటే నీ మిషనుకే బుద్ధి సెప్పుకో" అన్నాడాయన.

లత నవ్వుకుని, కుప్పం ఫైల్లో మొదటి వరుసను వదిలెయ్యమని కంప్యూటరుకు చెప్పింది. నాలుగేళ్లు ఏ చిక్కూ రాలేదు. అలా చెప్పిన సంగతి ఆమే మరిచిపోయింది.

మునియప్ప ఒక శనివారం గుండెపోటుతో పోయాడు. సోమవారం ఆయన సీట్లో కవిత అనే అమ్మాయి కూర్చుంది. ఆ పొద్దున పదిన్నరకు జాబితా ఆగిపోయింది. తెర మీద కారణం తెలుగూ ఇంగ్లీషూ కలిపి ఉంది. కుప్పం ఫైలు, మొదటి వరుస, ‘శ్రీ’, పేషెంటు నంబరు లేదు.

అది చూశాకే లతకు పాత సూచన గుర్తొచ్చింది. వదిలెయ్యమన్న వరుస దగ్గర ఎందుకాగిందని ఫైలు తెరిచింది. అందులో ‘శ్రీ’ లేదు. మొదటి వరుసలో ఉన్నది ఏడేళ్ల పాప పేరు. ‘శ్రీ’ కొట్టి తీసేశావా అని లత కుప్పానికి ఫోన్ చేసింది.

"నేనేం పెట్టలేదక్కా. ఆ పాప పేరే మొదట ఉండాది. ఆయన అలవాటు నాకెట్ట తెలుస్తాది?" అంది కవిత.

జాబితా ఆగకుండా నడిచి ఉంటే వదిలేసే మొదటి వరుసగా ఆ పాప పేరు చప్పుడు లేకుండా జారిపోయేది. లత పాత సూచన తీసేసి మళ్లీ నడిపింది. ఈసారి పేర్లన్నీ వచ్చాయి. వ్యాను అరగంట ఆలస్యంగా బయలుదేరింది. పాప ఇంట్లో ఇన్సులిన్ చివరి చుక్క పొద్దున్నే అయిపోయిందని సాయంత్రం కవిత చెప్పింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లు రెండు రోజులు వెతికారు. ఆ రోజు కుప్పం నుంచి ఒక్కసారే ఫైలు వచ్చిందట, పాత ఫైలు కలిసే వీలు లేదట. ఆగినప్పటి తెరను నేను ప్రింటు తీయించి దాచాను. ‘శ్రీ’ అందులో స్పష్టంగా ఉంది.

ఈ వార్త ఒకప్పుడు నా బల్ల మీదికి వచ్చి ఉంటే ఆధారం చాలదని పక్కన పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆధారం నా చేతిలోనే ఉంది, అర్థమే దొరకలేదు.

మునియప్ప అలవాటు పోనివ్వడం ఇష్టం లేక లత పాత సూచనను మళ్లీ పెట్టేసింది. రోజూ మొదటి వరుసలో ‘శ్రీ’ కొట్టమని కవితకు చెప్పింది. మర్నాటి కుప్పం ఫైలు ‘శ్రీ’తోనే మొదలైంది.