నిలబడితే తప్ప వెనక్కి తిరగని మోటారు

మొన్న మా కోడలు కొన్న బట్టలుతికే మిషన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. డ్రమ్ము కాసేపు ఇటు తిరిగి, ఆగి, మళ్లీ అటు తిరగబోయేటప్పటికి నా అరచేతులకు చెమట పట్టింది. కోడలు బీపీ మాత్ర తెచ్చిచ్చింది. నా ఈడువాళ్లయితే మాత్ర ఇచ్చేవాళ్లు కారు, ఏ ఊర్లో పని చేశావని అడిగేవాళ్లు.

బడికీ నాకూ ఎనిమిదో తరగతిలోనే చెల్లు అయ్యాక, ప్రొద్దుటూరులో మా మేనమామ నడిపే మోటార్ల వైండింగ్ షాపులో చేరి, మీసం బాగా వచ్చేసరికి ఒంటరిగా బయటి పనులకు పోయేంతవాణ్ణయ్యాను. మన వైపు ఊరికి రెండు పార్టీలు, పార్టీకొక పెద్ద ఇల్లు ఉన్న రోజులవి. సైకిలుకు గాలి కొట్టించుకోవాలన్నా పంపు ఎవరి మనిషిదో చూసుకునేవాళ్లం. జమ్మలమడుగు దాటాక ఒక ఊర్లో, అలాంటి ఇంటి పెద్దాయన దగ్గరి నుంచి, చక్రాల మీద జరిగే ఇనుప గేటుకు మోటారు పెట్టాలని కబురొచ్చింది. సోకు కోసం కాదు. గేటు తోసేవాడికి రెండు చేతులూ ఇనుము మీద, వీపు రోడ్డు వైపు ఉంటాయి కదా, ఆ ఉద్యోగానికి ఎవరూ ముందుకు రావడం లేదు. "పోయిరా అబ్బీ, వాళ్ల ముందర మాత్రం నీ ఎకసెక్కాలొద్దు" అని మామ సాగనంపాడు.

సింగిల్ ఫేజు మోటారును వెనక్కి తిప్పడం పెద్ద విద్యేం కాదు. లోపల నడిపించే చుట్ట ఒకటి, మొదటి తోపు తోసే చుట్ట ఒకటి ఉంటాయి. తోపు చుట్ట కొసలు రెండూ తారుమారు చేస్తే అటు తిరిగేది ఇటు తిరుగుతుంది. ఆ తారుమారు చేసే పిడి ఉన్న స్విచ్చినే నేను వరండాలో బిగించాను. చిక్కల్లా ఏమంటే, వేగం అందుకోగానే తోపు చుట్ట దానంతటదే తప్పుకుంటుంది గనుక, తిరిగే మోటారుకు పిడి మార్చినా వినబడదు. ఆపి, పూర్తిగా నిలబడనిచ్చి, అప్పుడు మార్చాలి. కాపలావాళ్లకు ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. కానీ ఆ ఇంట్లో నిలబడే అలవాటు ఎవరికుందని?

మధ్యాహ్నం పెద్దాయన జీపు వచ్చింది. గేటు తెరుచుకుంటుండగానే జీపు లోపలికి దూరింది, దాని వెనక దుమ్ములో ఇంకో బండి కనబడింది. కాపలావాడు మోటారు ఆపకుండానే పిడిని మూసే వైపుకు లాగాడు. గేటు తెరుచుకుంటూనే పోయింది. వాడు అటూ ఇటూ లాగుతున్నాడు, అది నవ్వుతూ స్వాగతం చెబుతున్నట్టు ఇంకా తెరుచుకుంటోంది. అవతలి పార్టీవాళ్లే వచ్చారనుకుని మనుషులందరూ జీపు చాటుకు పడుకున్నారు, నేను మోటారు చాటుకు, అదే నన్ను చంపబోతోందని తెలిసి కూడా. వచ్చింది ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ. బస్తాలు యాడ దించాలని డ్రైవరు అడిగాడు. వాళ్లు దుమ్ము దులుపుకుని లేచారు. అందరూ నా వైపు తిరిగారు.

"ఎవురు పంపించినార్రా నిన్ను?" అన్నాడు పెద్దాయన మెల్లగా. అరిచి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు. నేను గేటును కావాలనే అవతలి పార్టీకి తెరిచి పెట్టానని వాళ్ల అనుమానం, కాదని చెప్పడానికి నాకు గొంతు లేదు.

వరండాలో శనక్కాయలు ఒలుస్తున్న ఆయన తల్లి తల కూడా ఎత్తలేదు. "పొద్దున్నుంచీ ఆ పిల్లోడు మొత్తుకుంటాండాడు, నిలబడినాంక తిప్పండప్పా అని. నేను వింటానే ఉండా. మీలో ఎవురన్నా వింటిరా? పోనీయండి వాణ్ణి."

అంతే. పెద్దాయన నన్ను జీపులో బస్టాండు దాకా దింపి రమ్మని డ్రైవరుకు చెప్పాడు. ఆ ఇంటి జీపులో రోడ్డు మీద పోవడమంటే అన్నిటికన్నా భయం, అందుకే కాళ్లకు పని చెప్పి నడిచే వచ్చేశాను.

పోయిన నెల బస్సులో ఆ ఊరి మీదుగా పోయాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడ పోయింది, గేటు లేదు, నువ్వెవరి మనిషివని అడిగేవాడూ లేడు. ఆ భయం పోయినందుకు కూర్చున్నచోటి నుంచే దండం పెట్టుకున్నాను. వరండా మాత్రం ఉంది, ఖాళీగా. రేపు నాకు అలాంటి చిక్కొస్తే, ఆ తల్లి మాదిరిగా 'వాడు చెప్పింది నేను విన్నాను' అని చెప్పే మనిషి నాకెవరున్నారా అని, జమ్మలమడుగు వచ్చేదాకా ఒక్కొక్క మొహమే తలుచుకుంటూ కూర్చున్నాను.