మేలూరు మాస్టర్ ఖాతా

కరోనా నిబంధనలు ఎత్తేసిన మరుసటి ఏడాది, తమిళుల ఆవణి నెల మొదటి సోమవారం, సింగానల్లూరులోని మా నూలు మిల్లు ప్రధాన కార్యాలయంలో ఇంట్రానెట్ అడ్మిన్లకు ఐదు రోజుల శిక్షణ మొదలుపెట్టాను. అప్పటికి నా హోదా సిస్టమ్స్ మేనేజర్. మిల్లుల్లో ఆ హోదా ఎక్కడ నిలుస్తుందో బయటివారికి తెలియదు కనుక చెబుతాను. నూలు వడకడమంతా చూసే స్పిన్నింగ్ మాస్టర్ కన్నా ఒక మెట్టు కింద, అకౌంట్స్ మేనేజర్‌తో సమానం, ప్రింటర్ ఆగిపోయిన రోజు మాత్రం అందరికన్నా కింద. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లున్నాయి.

ఇంట్రానెట్ అంటే కంపెనీ లోపలివాళ్లకు మాత్రమే తెరుచుకునే వెబ్‌సైటు. అది రాకముందు మా మూడు మిల్లుల కాగితాలు మూడు దారుల్లో నడిచేవి. ఒకే యంత్రాన్ని శుభ్రం చేసే విధానానికి సింగానల్లూరులో ఒక ప్రతి, తేనిలో ఒకటి, మేలూరులో ఇంకొకటి ఉండేవి. ఏది సరైనదని అడిగితే ముగ్గురూ తమదే అనేవారు. ఆ కాగితాలన్నీ ఒకే చోట పెట్టి, ఎవరు చదవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు ఆమోదించాలి అన్నది ముందే నిర్ణయించడం కొత్త పద్ధతి. ఏ పత్రం మారినా అది ముందు ఆమోదించే అధికారి పెట్టెలో చేరుతుంది. ఆయన ఆమోదం నొక్కితేనే అచ్చై మిల్లు గోడ మీదికి ఎక్కుతుంది. ఈ అధికారాలను ఇచ్చేవారు, తీసేవారు అడ్మిన్లు. ఆ పనికి ఇంజినీర్లను కాక ఆఫీసు గుమాస్తాలను ఎంచుకున్నాం. ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో వాళ్లకే తెలుసు.

శిక్షణ పుస్తకం నేనే రాశాను. అందులో ఆరో అధ్యాయం 'మనిషి మారినప్పుడు'. రాజీనామా చేస్తే ఏం చేయాలి, బదిలీ అయితే ఏం చేయాలి, రిటైరైతే, దీర్ఘకాలం సెలవు పెడితే ఏం చేయాలి అని నాలుగు అంశాలు వరుసగా రాశాను. ఐదోది కూడా ఉండాలని రాస్తున్నప్పుడే తెలుసు. కానీ ఆ పుస్తకాన్ని శుక్రవారం పూజలో పెట్టి, సోమవారం రాహుకాలం దాటాక తొమ్మిదింటికి తెరవాలనుకున్నాను. అందులో చావు అనే మాట రాయడానికి చెయ్యి రాలేదు. నాలుగుతో ఆపేశాను. ఇంట్రానెట్ పెట్టిననాడు మిల్లులకు పంపిన నియమావళిలోనూ ఆ నాలుగే ఉన్నాయి. నేను మా వీధి భజన గోష్ఠిలో పన్నెండో ఏట నుంచి కూర్చుంటున్నవాణ్ని. ఆత్మకు చావు లేదని ప్రతి శనివారం పదిమందితో కలిసి గొంతెత్తి చెప్పేవాణ్ని. అయినా అలా చేశాను.

శిక్షణకు వచ్చినవారు ఆరుగురు. ఈ కథకు ఇద్దరు చాలు. ఒకరు సింగానల్లూరు స్టోర్స్ గుమాస్తా జగన్నాథన్. రెండోవారు మేలూరు మిల్లు ఆఫీసు అసిస్టెంట్ రాజేశ్వరి. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. పనివాళ్లకు మిల్లు ఇచ్చే లైన్ ఇంట్లోనే కాపురం. ఆరుగురి ఇంట్లోనూ తెలుగే, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నేను భజన పుస్తకాల వల్ల నేర్చుకున్నాను. కనుక బోర్డు మీద ఇంగ్లీషు, నోట్సు తమిళం, నోటితో తెలుగు. రెండున్నర రోజులు ఏ ఇబ్బందీ లేకుండా సాగింది.

బుధవారం మధ్యాహ్నం ఆడిట్ లాగ్ చదవడం నేర్పాను. ఎవరు, ఎప్పుడు, ఏ పత్రాన్ని తెరిచారో, మార్చారో, ఆమోదించారో యంత్రం తనంతట తాను రాసుకునే జాబితా అది. దాన్ని నేను కూడా చెరపలేను. అభ్యాసం కోసం ఎవరి మిల్లు లాగ్ వారిని పెద్ద తెర మీద చూపమన్నాను. రాజేశ్వరి వంతు వచ్చింది. ఆమె తెరిచింది, వెంటనే మూయబోయింది. అప్పటికే జగన్నాథన్ చదివేశాడు.

"ఏం రాజీ, మీ మాస్టర్ చిత్తిరైలో గదా పోయింది? పోయిన శనివారం పొద్దున తొమ్మిదికి ఆమోదం నొక్కిండారే! వైకుంఠంలో కూడా సిగ్నల్ వస్తాదా?"

అందరూ నవ్వారు. చిత్తిరై నెల గడిచి అప్పటికి నాలుగు నెలలు. "ఊరుకో అన్నా," అని ఆమె అన్నది గాని, మౌస్ మీద చెయ్యి కదలలేదు. నేను తెర ఆపి, టీకి విరామం ఇచ్చి, ఆమెను ఉండమన్నాను.

మాస్టర్ అంటే మేలూరు మిల్లు స్పిన్నింగ్ మాస్టర్ గోవిందసామి నాయుడు. నలభై ఏళ్లు ఆ మిల్లును నడిపించిన మనిషి. మా డైరెక్టరుకు స్వయానా మేనమామ. మేలూరు పత్రాలన్నిటికీ ఆమోదించే అధికారి ఆయనే. కంప్యూటరు ముందు కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. పాస్‌వర్డు మొదటి రోజే రాజేశ్వరికి చెప్పేశాడట. ఆమె పత్రం చదివి వినిపిస్తే, ఆయన 'సరి' అంటే ఆమె నొక్కేది. నియమం ప్రకారం అదే మొదటి తప్పు. కానీ చదివి వినిపించినంతకాలం ఆమోదం ఆయనదే.

ఆయన పోయినప్పుడు డైరెక్టరు మేలూరు వెళ్లి, తలదివసం దాకా, అంటే ఏడాది తిరిగి మొదటి తద్దినం పెట్టేదాకా, మామ పేరు ఎక్కడా తీయవద్దని ఆఫీసులో చెప్పి వచ్చారు. గది తలుపు మీది పలక ఉంచారు. ఇంట్రానెట్‌లోని పేరూ ఉంచారు. అయితే ముప్పై రోజులు ఎవరూ తెరవని ఖాతా పేరు జాబితాలో బూడిదరంగుకు మారుతుంది. తొంభై రోజులకు మూతపడుతుంది. ఆ నియమం పెట్టింది నేనే.

"ఒగ దినం చూస్తే ఆయన పేరు బూడిద కలరాయిపోయింది సార్," అన్నది రాజేశ్వరి. "చూసేకి మనసు రాలే. దినమూ పొద్దున వచ్చిన వెంటనే ఆయన ఖాతా ఒగసారి తెరిస్తే మళ్ళ నల్లగా వచ్చేసింది. దీపం పెట్టినట్ట అనుకుంటి."

"తెరిచావు సరే. ఆమోదాలు ఎవరు నొక్కారు?"

"పెట్టెలో వచ్చి వచ్చి చేరతా ఉండె. మాస్టర్ ఉన్నప్పుడు ఒగ దినమూ పెండింగ్ పెట్టలే. ఆయన పేరు మీద మిగిలిపోతే ఆయనకు చెడ్డపేరు గదా అని..." అక్కడి నుంచి సార్ అనడం మానేసి, మాలో పెద్దవారిని పిలిచే వరసకు దిగింది. "పేరు తియ్యొద్దని డైరెక్టరే చెప్పిరి. నేను యాడ తీసితిని మామా? కాపాడితిని, అంతే."

ఇద్దరం కూర్చుని చూశాం. నాలుగు నెలల్లో పదకొండు పత్రాలు ఆమోదం పొందాయి. పది నిరపాయమైనవే, సెలవు ఫారం, క్యాంటీన్ వేళలు వంటివి. పదకొండోది బ్లో రూమ్‌ది.

బ్లో రూమ్ అంటే పత్తి బేళ్లను విప్పి, ఏకి, దుమ్ము తీసే విభాగం. పత్తిలో బేలుకు కట్టిన ఇనుప పట్టీల తునకలు వస్తాయి. అవి తిరిగే యంత్రానికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. పత్తికి నిప్పంటుకుంటే మిల్లు ఆగడంతో సరిపోదు, మిల్లే పోతుంది. అందుకని దారిలో అయస్కాంతాలు పెడతారు. వాటికి అంటుకున్న తునకలను షిఫ్టుకు ఒకసారి తీసేయాలి. కొత్తగా టైపు చేసిన పత్రంలో 'షిఫ్టుకు ఒకసారి' బదులు 'రోజుకు ఒకసారి' అని పడింది. అచ్చుతప్పే. గోవిందసామి నాయుడు విని ఉంటే ఆ మాట దగ్గరే ఆపేవాడు. రాజేశ్వరికి అది తెలియదు. తెలియాల్సిన అవసరం ఆమె ఉద్యోగంలో లేదు.

వెంటనే మేలూరుకు ఫోన్ చేశాను. షిఫ్టు సూపర్వైజరును యంత్రం ఆపి అయస్కాంతాలు చూడమన్నాను. అరగంటకు తిరిగి చేశాడు. రెండు షిఫ్టుల్లో పాతవాళ్లు కాగితం చూడనే లేదట. "మాస్టర్ నేర్పింది దాన్ సార్ చేస్తా ఉండాము, గోడ మీద ఏం రాసిండాదో ఎవరు చూసిరి?" అన్నాడు. అప్పుడే ముగిసిన పొద్దుటి షిఫ్టుకు మాత్రం కొత్త సూపర్వైజరు. అతను కాగితం ప్రకారం, రాత్రివాళ్లు తీసేశారు కదా అని వదిలేసేవాడు. ఆ పూట అయస్కాంతానికి గుప్పెడు ఇనుము అంటుకుని ఉంది. ఎనిమిది వారాలు అలా సాగింది. నిప్పు రాలేదు. దానికి నేను చేసినదేమీ లేదు, దైవం కాచింది.

పత్రాన్ని పాత వెర్షనుకు తిప్పాను. ఇక మిగిలింది రాజేశ్వరి సంగతి. మా కంప్యూటరు నియమావళిలో మూడో నియమం ఇది. ఇంకొకరి పాస్‌వర్డుతో ఆమోదం ఇస్తే ఉద్యోగం నుంచి తొలగింపు. ఆ నియమమూ నేను రాసిందే. టీ ముగించి వచ్చిన జగన్నాథన్ తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా అన్నాడు. "సార్, నేను ఎగతాళి చేసేకి అంటిని. ఇంత పెద్ద విషయమని తెలీలే. పత్రం సరి చేసేసిరి గదా, మనం అందరమూ నోరు మూసుకుంటే అయిపోలేదా? ఆమె పని పోతే లైన్ ఇల్లూ పోతాది."

నేనొప్పుకోలేదు. దాచితే మేలూరుకు ఆమోదించే అధికారి ఎవరన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. ఆ సాయంత్రమే శిక్షణ పుస్తకం, లాగ్ నకలు పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లాను. రాజేశ్వరిని వెంట రమ్మన్నాను. ఆమె లేకుండా ఆమె గురించి మాట్లాడటం సరికాదనిపించింది.

డైరెక్టరు శ్రీనివాసన్‌ను మిల్లులో చిన్న ముదలాళి అనేవారు, అంటే చిన్న యజమాని అని. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. ఆయన లాగ్ మొత్తం చదివి, ముందు ఆమెతో మాట్లాడారు.

"మామ పేరు తియ్యొద్దంటిని గాని, మామ చేత ఆమోదం పెట్టించమంటినా అమ్మా?"

ఆయన నా వైపు తిరిగారు. "ఇట్లాంటిది వస్తే ఏం చేసేదని మీ పుస్తకంలో రాసిండారు గదా మామా? ఆమె అది చదవలేదా?"

ఆరో అధ్యాయం తెరిచి ముందు పెట్టాను. నాలుగు అంశాలు, దాని కింద ఖాళీ. "రాయలేదు," అన్నాను. "మరిచి కాదు. అశుభమని వదిలేశాను. మీరు పేరు తీయవద్దన్నారు. నేను ఏం చేయాలో చెప్పలేదు. మన ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఈమె పని చేసింది. తొలగించాలంటే ఆ వరుసలో మొదట నేను ఉంటాను."

ఆయన ఆ పేజీ చదివి పుస్తకం మూశారు. తర్వాత, "తలదివసానికి ఇంకా ఎనిమిది నెలలుండాది. పేరు తీసేస్తే మా అమ్మకు ఏం జెప్పేది?" అని అడిగారు. ఆయన చిక్కు అదే. రాజేశ్వరి చిక్కూ అదే.

మా గోష్ఠిలో జరిగేది చెప్పాను. ముందు వరుసలో తాళాలు పట్టి పాట ఎత్తుకునే పెద్దాయన పోతే, పదమూడు రోజులు గడిచాక అని మేము ఆగం. వచ్చే శనివారమే తాళాలు ఇంకొకరి చేతికి వెళతాయి. భజన ఆగితే పోయినవారికి మర్యాద కాదు, దోషం. ఆయన పటం గోడ మీద ఉంటుంది, ఆయన నేర్పిన రాగంలోనే పాడతాం. కానీ పటం ముందు తాళాలు పెట్టి, పాట ఎత్తుకోమని ఎవరూ కూర్చోరు. అధికారం వేరు, స్మరణ వేరు. కంప్యూటరులో ఈ రెండూ ఒకే ఖాతాలో ఉండటం వల్లనే ఈ తప్పు జరిగింది.

శుక్రవారం చివరి తరగతిలో ఐదో అంశం నేర్పాను. మేలూరు పత్రాల ఆమోదాన్ని మనిషి పేరు నుంచి తీసి 'స్పిన్నింగ్ మాస్టర్, మేలూరు' అనే హోదాకు ఇచ్చాం. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వారికి అది వస్తుంది. తాత్కాలికంగా డిప్యూటీ మాస్టరును కూర్చోబెట్టారు. ఆ తర్వాత గోవిందసామి నాయుడు ఖాతా మూయాలి. ఆ పని రాజేశ్వరినే చేయమన్నాను. ఆమె బటన్ మీద బాణం పెట్టి ఆగింది.

"పేరు పూరా పోతాదా మామా?"

వెర్షన్ చరిత్ర తెరిచి చూపాను. ఆయన బతికి ఉండగా విని ఒప్పుకున్న ప్రతి పత్రం కింద ఆయన పేరు, తేదీ ఉన్నాయి. ఖాతా మూసినా అవి అలాగే ఉంటాయి. డైరెక్టరు కూడా చెరపలేరు. ఆమె ఇచ్చిన పదకొండు ఆమోదాల కింద మాత్రం, అవి ఎలా జరిగాయో వివరించే ఒక గమనిక చేర్చాం. ఆమె ఆ పాత జాబితా కొంతసేపు కిందిదాకా చూసి, నొక్కింది.

రాజేశ్వరి ఉద్యోగం పోలేదు. ఆరు నెలలు అడ్మిన్ అధికారాన్ని తేని గుమాస్తాతో పంచుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు. నా సర్వీసు ఫైలులో ఒక హెచ్చరిక లేఖ చేరింది. ముప్పై ఏళ్లలో అదొక్కటే. అది సరైనదే.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి చెప్పదగింది ఒకటుంది. విధానం రాసేవాడు తనకు నచ్చని సందర్భాన్ని వదిలేస్తే ఆ సందర్భం రాకుండా పోదు. అది వచ్చిన రోజు, రాయనిదాన్ని పూరించే పని జీతంలో అందరికన్నా కింద ఉన్నవారి మీద పడుతుంది. వారు తమకు తెలిసిన భక్తితో పూరిస్తారు. తప్పు వారి పేరు మీద నమోదవుతుంది.

నేను రిటైరైన రోజు సాయంత్రం ఐదున్నరకు నా ఖాతా మూతపడింది. అప్పటికి మూడు మిల్లులకూ ప్రధాన అడ్మిన్ రాజేశ్వరే. దండ వేసిన సభ ఇంకా ముగియలేదు, నా ఫోనులో ఇంట్రానెట్ తెరుచుకోలేదు. ఆమె ముందుగా అడగలేదు, తర్వాత చెప్పలేదు. పుస్తకంలో అలాగే రాసి ఉంది.