సాలమ్మ పరిచిన దుప్పటి

తాండూరు నుంచి యాలాల్ వెళ్లే దారిలో బండల గనుల తెల్లదుమ్ము వెనకపడగానే నల్లరేగడి మొదలవుతుంది. అక్కడే, రోడ్డుకు కాస్త లోపలగా, సాలమ్మ కంది చేను. చర్చి పుస్తకంలో ఆమె పేరు సలోమి. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నవంబరు పొద్దున మంచులో పసుపుపచ్చని పూతతో ఆ చేను చూస్తే, నేల మీద కాక నేలకు కొంచెం పైన తేలుతున్నట్టు ఉంటుంది.

భర్త పోయాక ఆ రెండెకరాలు బీడు పడ్డాయి. అందులో సగం మరిది ప్రేమ్‌సాగర్‌ది. అతను బండల లారీ నడుపుతాడు. చెడ్డవాడేమీ కాదు. పొద్దంతా రాళ్ల మధ్య తిరిగేవాడికి నేలను చూస్తే దాని కింది రాయే కనబడుతుంది.

"వదినా, పైన మట్టి, కింద బండ. మట్టిల ఏమున్నది? గనోళ్లకు ఇచ్చేద్దాం. నువ్వు నీడపట్టున కూసో" అన్నాడు.

గనికిచ్చిన చేను గుంతవుతుంది. గుంతలో వాన నీళ్లు నిలిచి ఆకుపచ్చగా మెరుస్తాయి. భర్త నడిచిన సాళ్లు ఆ నీళ్ల అడుగున కదులుతున్నట్టు సాలమ్మకు కల వచ్చేది. లేచి కూర్చున్నా చాలాసేపు నీళ్ల చప్పుడు వినబడేదట.

"ఒక్క పంట చూడనియ్యి, సాగర్. పండకుంటే నీ ఇష్టం."

"మల్ల మాట మార్చొద్దు."

"మార్చ."

విత్తనం వేసింది, కలుపు తీసింది, వంగి వంగి నడుం పట్టేసింది. మొగ్గ కనబడిన రోజున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. సాలమ్మ చేను నాలుగు మూలలా ప్రార్థన నూనె రాసింది. ఇంతవరకు తన పని, ఇక మీదట ప్రభువు పని అనుకుంది. అప్పజెప్పాక మళ్లీ తొంగి చూడటం అపనమ్మకమని ఆమెకు తోచింది. ఎవరూ అలా చెప్పలేదు, తనే అనుకుంది. ఆ రోజు నుంచి చేనులో అడుగు పెట్టలేదు. గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుని పాడుకునేది. పూత వాసన వచ్చేది. గాలికి చేనంతా ఒకసారి ఊపిరి పీల్చి వదిలినట్టు కదిలేది. ఆ సుఖంలో రోజులు తెలియలేదు.

పక్క బీట్లో గొర్లు కాసే దేవప్ప ఒకనాడు గట్టు దగ్గర ఆగాడు.

"అక్కా, నీ చేన్ల పచ్చపురుగు దిగింది. జర లోపలికి పోయి చూడు."

"నూనె రాసిన, దేవప్పా. అప్పజెప్పిన."

"రాసినవు సరే. గా పురుగుకు ఎవరన్న చెప్పిన్రా?"

"నీకు నవ్వులాట. పో, నీ గొర్లను కాసుకో."

"కాస్తున్న గదా! దేవునికి అప్పజెప్పి ఇంట్ల పండుకుంటలేను గదా!"

మాట గుచ్చుకుంది. అయినా ఆమె చేనులోకి పోలేదు. ఇంకా గట్టిగా ప్రార్థించాలనుకుని ధారూరులో జరిగే క్రైస్తవ జాతరకు రైలెక్కింది.

చెట్ల కింద జనం. కొమ్మలకు కట్టిన చీరలు, దుప్పట్లు; వాటి నీడల్లో వంటలు, పాటలు, నిద్రలు. సాలమ్మ కూడా భర్త కప్పుకున్న పాత దుప్పటినే గుడారంగా కట్టుకుంది. మధ్యాహ్నం ఎక్కడో మైకులో పాట, నీళ్ల లోపలి నుంచి వస్తున్నట్టు. మోకాళ్ల మీద కళ్లు మూసుకుని ఉందామె. మెలకువో, కునుకో తెలియదు. గాలి వీచింది. పైన దుప్పటి మీద ఎండిన కాయలు రాలాయి. టప్... టప్ టప్.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఇదే దుప్పటి. భర్త దీన్ని సాళ్ల మధ్య పరిచి, కంది మొదలు పట్టి దులిపేవాడు. పురుగులు టపటపా రాలేవి. "మందుకు చావని ముదురు పురుగు గూడ గీ దులుపుడుకు ఆగదు" అనేవాడు. దులుపుతూ పాడేవాడు, ఒక్కో పదానికి ఒక్కో ఊపు. పొద్దు పోవడానికి పాడుతున్నాడని ఆమె అప్పుడు నవ్వేది. అతను చేసింది ప్రార్థనేనని ఇప్పుడు, ఈ చెట్టు కింద, తట్టింది.

లేచి ముడులు విప్పసాగింది. పక్క గుడారంలో పూడూరు నుంచి వచ్చిన ముసలామె తల బయటపెట్టింది.

"ఏమాయె బిడ్డా? ముగింపు ప్రార్థన ఇంకా గాలే."

"చేన్ల పురుగున్నది, పెద్దమ్మా."

"దేవుని ముందర పురుగు ముచ్చటేంది? నమ్మకం లేదా?"

సాలమ్మ దుప్పటి మడత పెడుతూ ఆగింది. "ఉన్నది పెద్దమ్మా. గీ చేతులు గూడ గాయనే ఇచ్చిండు."

ముసలామె ఆమెను పైకీ కిందికీ చూసింది. "పో మరి. నీ పాలుకు గూడ నేనే పాడుత. సద్ది మూట మరిచిపోతున్నవు, సూడు."

మర్నాడు మంచులో చేనులోకి అడుగు పెట్టింది. తూర్పు పక్క కాయ కాయకూ చిల్లులే. సాలులో కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగు నడుముకు దోపి, దేవప్పను కేకేసింది. దుప్పటి లాగడానికి ఒకరు, దులపడానికి ఒకరు కావాలి. అతను గంప నిండా కోళ్లతో వచ్చాడు.

"నువ్వు జాతర మధ్యల వచ్చినవు గని, మా కోళ్లకు జాతర గీడ్నే" అంటూ రాలిన పురుగుల దగ్గర వాటిని వదిలాడు.

రోజూ పొద్దున అదే పని, అదే పాట. ఒకనాడు రోడ్డు మీద లారీ ఆగింది. ప్రేమ్‌సాగర్ గట్టు మీదికి వచ్చాడు.

"పంట పోయిందట గదా, వదినా."

"పోయింది పోయింది. ఉన్నది ఉన్నది. గా కొస పట్టు."

అతను వంగి కొస పట్టుకున్నాడు. సాలమ్మ పాట ఎత్తుకుని కంది మొదలు పట్టి దులిపింది. పూరేకులు, పురుగులు, మంచు చుక్కలు కలిసి రాలాయి. రెండు సాళ్లు దాటాక అతని నడక పాటతో కలిసింది.

"గీ పాట మా అన్నది గదా?"

"మీ అన్నదే."

"చిన్నప్పుడు కొస పట్టింది నేనే. అన్న దులుపుతుండె." మరి కాసేపటికి దుప్పటి వదిలి రోడ్డు వైపు నడిచాడు. వెళ్లిపోతున్నాడనుకుంది. లారీ మీద కప్పే తాడిపత్రిని భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. "గా దుప్పటితోని గింత చేను ఎప్పుడు ఒడువాలె? గిది పరువు."

బండల దుమ్ముతో తెల్లబడిన ఆ తాడిపత్రి పసుపు పూత కింద పరుచుకుంది.

తూర్పు పక్క పోయింది. మిగతాది పండింది. సంచులు లారీకెత్తుతూ ప్రేమ్‌సాగర్ గని మాట ఎత్తలేదు. "వానలు వడకముందే తాడిపత్రి కడిగి పెడ్త" అన్నాడు, అంతే. ఆ కందుల పప్పు కొనడానికి వెళ్లిన నాకు, దాన్ని కొలుస్తూనే సాలమ్మ ఈ సంగతులు చెప్పింది.

మరుసటి ఏడు మొగ్గ వేళకు మళ్లీ నూనె రాసింది. ఒక్కో మూల దగ్గరా ఆగి పెదవులు కదిపింది. నాలుగో మూలలో ఆమెన్ అనలేదు. దుప్పటి భుజాన సర్దుకుని, పాట అందుకుని, మంచులో తేలుతున్న చేనులోకి నడిచింది. కాసేపటికి మనిషి కనబడలేదు. పాట మాత్రం సాలు వెంట సాలు కదులుతూ వినబడింది.