రాజారత్నం బిగించిన స్టీలు ట్యాంకు

బందరులో పైపుల పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, రాజారత్నానికి దొరికినన్ని పనులు ఎవరికీ దొరికేవి కావు. పనితనం ఒక కారణం, నోరు ఇంకో కారణం. నోరంటే గడుసు నోరు కాదు, అసలు లేని నోరు. కుళాయి ఎక్కడ పెట్టకూడదో అక్కడే పెట్టమన్నా "మీ ఇష్టమండీ" అనేవాడు. ఇంత మంచివాణ్ణి చూడలేదని జనం మురిసిపోయేవారు. భార్య కృపాకుమారి మాత్రం, "మంచితనం కాదు, మీకు నోట్లో నాలుక లేదు" అనేది. ఆవిడ మాటే నిజం.

మొవ్వ దగ్గర పల్లెలో, కూలివాళ్ళ ఇంట పుట్టాడతను. అయిదో తరగతిలో పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది ఇందిర టీచరు. పదో తరగతి తప్పితే, బందరులో ఒక మేస్త్రీ దగ్గర పైపుల పనిలో చేర్పించిందీ ఆవిడే. రిటైరయ్యాక ఆవిడ బందరులోనే, ఈడేపల్లిలో ఇల్లు కట్టుకుంది. మోకాళ్ళ నొప్పులకి రోజూ వేణ్ణీళ్ళు కావాలని మేడ మీద సోలారు హీటరు పెట్టించుకుంది. ఏడేళ్ళకి, అంటే రెండువేల నాలుగులో, దాని ఇనప ట్యాంకు తుప్పుపట్టి చిల్లులు పడింది. రాజారత్నానికి కబురు పెట్టింది.

ఎండ తగిలే పలకలు బాగానే ఉన్నాయి, ట్యాంకు ఒక్కటే మార్చాలి. ఇద్దరూ కలిసి వెళ్ళిన షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి తళతళలాడే స్టీలుది. రెండోది ఇనపదే, కానీ లోపల గాజుపూత, మధ్యలో ఒక మెగ్నీషియం కడ్డీ. నీళ్ళలో ఉప్పు ముందు ఆ కడ్డీని తింటుంది, ట్యాంకు జోలికి రాదు. అరిగినప్పుడల్లా కడ్డీ మార్చుకుంటే చాలు. ఈడేపల్లిలో టీచరుగారి బోరునీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పుకషాయమే. ఆ నీళ్ళకి స్టీలు ట్యాంకు అతుకుల దగ్గర రెండేళ్ళు ఆగదని రాజారత్నానికి తెలుసు. అప్పటికే అలాంటివి నాలుగు విప్పి కిందికి దించాడు.

టీచరుగారు స్టీలు ట్యాంకును చేత్తో నిమిరింది. "మళ్ళీ ఇనపదెందుకు రత్నం? పైగా గాజంటే పగిలేదే కదా. ఇది చూడు, అద్దంలా ఉంది. మా అమ్మ స్టీలు గిన్నెలు ఇప్పటికీ వాడుతున్నాను. ఇదే తీసుకుందామా? నువ్వేమంటావు?"

అడక్కపోతే వేరే సంగతి. ఆవిడ అడిగింది. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ తనకి చదువు చెప్పిన మనిషిని పట్టుకుని, షాపువాళ్ళ ముందు, మీకు తెలియదండీ అని ఎలా అనడం? రాజారత్నం తల గోక్కున్నాడు.

"మీ ఇష్టమండీ టీచరుగారూ. అదీ బాగానే ఉంటుందండీ."

ట్యాంకు బిగించి వచ్చాడు. అప్పట్నుంచి ఈడేపల్లి వైపు పనులొస్తే ఇంకొకరికి అప్పగించేవాడు. కబురు రాలేదు కాబట్టి బాగానే ఉండి ఉంటుందని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. పిరికితనానికి మించిన ప్లీడరు లేడు.

మూడేళ్ళు గడిచాయి. టీచరుగారి పక్కింట్లోకి కొత్తగా వచ్చిన వెంకటాద్రి అనే రిటైర్డు ఓవర్సీరు ఫోను చేశాడు. "మాకూ సోలారు పెట్టాలండీ. మీరు పెట్టింది భేషుగ్గా పనిచేస్తోందని ఇందిర టీచరుగారు చెప్పారు." రాజారత్నం గుండెల మీద బరువు దిగిపోయింది. ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

వెంకటాద్రి మేడ ఎక్కితే పక్క మేడ మీది ట్యాంకు కనిపించింది. అడుగునుంచి పిట్టగోడ దాకా ఉప్పు తెల్లటి చారలు కట్టి ఉంది. పైపులు ఊడదీసి, మూతులకి గుడ్డలు కుక్కి ఉన్నాయి. కింద పెరట్లో, పొయ్యి మీంచి దించిన వేణ్ణీళ్ళ గిన్నెను తువ్వాలుతో పట్టుకుని, రెండడుగులకోసారి ఆగుతూ టీచరుగారు స్నానాలగదికి నడుస్తోంది. నీళ్ళు తొణికినప్పుడల్లా అతని ప్రాణం విలవిల్లాడింది. గబగబా దిగి వెళ్ళి గిన్నె అందుకున్నాడు.

"ఎప్పట్నుంచండీ ఇలా?"

"ఏడాదిన్నర అయ్యుంటుందిలే."

"కబురు పెట్టలేదేంటండీ?"

"పెడితే నీ చేతి డబ్బేసి కొత్తది తెచ్చేస్తావు. పిల్లలు గలవాడివి. పైగా అది ఏరుకున్నది నేనేగా! నీ పనికి పేరు పోతుందని అందరికీ బాగుందనే చెప్పాను. అయినా నీకు మాత్రం ఏం తెలుసు? తెలిసుంటే ఆ రోజే చెప్పేవాడివి."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఇన్నాళ్ళూ ఊరుకున్నవాడేగా! కానీ ఈసారి అతని వల్ల కాలేదు.

"తెలుసండీ. ఆ రోజే తెలుసు."

టీచరుగారు గట్టు మీద కూర్చుని అతని ముఖంలోకి చూసింది. "మరి?" అంది. ఆ మాటలో కోపం లేదు. కోప్పడినా బాగుండునని రాజారత్నం కుమిలిపోయాడు. గిన్నె కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

ఈ నీళ్ళకి గాజుపూత ట్యాంకే పెట్టాలనీ, స్టీలుది ముట్టుకోవద్దనీ, కడ్డీ సంగతి తనే వచ్చి చూసుకుంటాననీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఎవరికైనా అంత గట్టిగా ఇది మంచిది, ఇది కాదు అని చెప్పడం అతని జన్మలో అదే మొదలు.

టీచరుగారు అంతా వింది. "అలాగే రత్నం" అంది. మళ్ళీ కాస్త ఆగి, పక్కింటి గోడవైపు చూస్తూ, "ఒక్కసారి వెంకటాద్రిగారిని కూడా అడుగుదాం" అంది.