తుమ్మెదల దూలం

ఆ వడ్రంగి చేసిన తలుపులూ మంచాలూ ఊరంతా ఉన్నాయి. కానీ అవన్నీ పరాయి ఇళ్ళలో, పరదాల వెనక. ఎవరినీ అడక్కుండా వెళ్ళి చూసుకోగలిగింది ఒక్కటే: కాలనీ పార్కులో బెంచీకి నీడగా వేసిన చెక్క పందిరి. పని నేర్పిన మేనమామ చెయ్యి పడకుండా అతను చేసిన మొదటి పని అది. ఆనాడు మేనమామ దూలాన్ని వేలితో తట్టి, చుట్టూ తిరిగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఏ వంకా పెట్టకుండా ఆ మనిషి వెళ్ళిపోయిన రోజు మళ్ళీ రాలేదు.

ఇప్పుడా దూలం అడుగున చిటికెన వేలు దూరేటంత గుండ్రటి చిల్లులు. బెంచీ మీద పొట్టు. నల్లటి తుమ్మెదలు ఝుమ్మంటూ లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి.

"దీని పనైపోయింది మేస్త్రీ. దించేసి ఇనప పైపు వేయిద్దాం," అన్నాడు కాలనీ సంఘం సెక్రెటరీ. సంఘాలకు ఇనుమంటే మహా ప్రేమ. ఏళ్ళ తరబడి పట్టించుకోకపోయినా అది నోరెత్తదు.

"చిల్లులు పూడ్చేస్తాను సార్. మళ్ళీ పొట్టు రాలితే మీ ఇష్టం."

తుమ్మెదలు మేతకు పోయిన వేళ చూసి ఒక్కో చిల్లులో చెక్క బిరడా కొట్టి, జిగురు పెట్టి, నున్నగా రుద్దాడు. పొట్టు ఆగింది. దూలం బతికింది.

అదే పార్కులో ఓ మూల కాలనీ ఆడవాళ్ళు పంచుకున్న మళ్ళున్నాయి. అందులో ఒక మడి వడ్రంగి అక్కది. ఆ ఏడు ఆమె వంగ మొక్కలు విరగబూశాయి. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయింది. ఓ ఉదయం తమ్ముడు ఆమె మడికి కంచె బాగుచేస్తుంటే, తుమ్మెద ఒకటి వచ్చి ఊదారంగు పువ్వును కాళ్ళతో కావలించుకుంది. దాని మోత ఒక్కసారిగా మారింది, గట్టి చెక్కలో దిగుతున్న డ్రిల్లు మోతలా. పువ్వులోంచి పచ్చటి పొడి రాలింది.

"అది పట్టి కుదిపిన పువ్వే కాయవుతుంది," అంది అక్క. "పోయినేడు ఎన్ని వచ్చేవో! ఇప్పుడు దారి తప్పి ఒకటో అరో. మిగతావెక్కడ చచ్చాయో."

వడ్రంగి చేతిలో సుత్తి ఆగింది. "చావలేదులే అక్కా. ఇల్లు లేక పోయుంటాయి."

"నీకెలా తెలుసు?"

"తలుపులు మూసింది నేనేగా."

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. "అంటే, నీ దూలం నున్నగా ఉండాలని నా కూరలో మన్ను పోశావన్నమాట! శత్రువులెక్కడో ఉంటారనుకున్నాను. నాతోనే పుట్టాడు."

బిరడాలుంటే దూలం ఉంటుంది, తీస్తే కట్టెల్లోకి పోతుంది. ఆ సంగతి వదిలేసి అతను వేరే పనులు చూసుకుందామనుకున్నాడు. చిత్రిక పడుతున్నా, మేకు కొడుతున్నా రాలిన పూతే కళ్ళలో మెదిలింది. చివరికి పట్టపగలే నిచ్చెన వేసి బిరడాలన్నీ తొలిచేశాడు.

తుమ్మెదలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటి వెనకే సెక్రెటరీ వచ్చాడు.

"నువ్వే మూసి నువ్వే తీశావా? మతి పోయిందా మేస్త్రీ?"

"పక్కనే కొత్త దూలం ఎక్కిస్తాను సార్. బరువు అది మోస్తుంది. రంగు పూసిన చెక్కను ఇవి ముట్టడం నేనెప్పుడూ చూడలేదు. దానికి రంగేస్తాను. పాతది ఊరికే ఉంటుంది."

"పనీపాటా లేనిదాన్ని ఎందుకయ్యా ఉంచడం?"

మడిలోంచి అక్క లేచింది. "మన సంఘంలో పనీపాటా లేనివాళ్ళను ఉంచట్లేదా బాబూ? వాళ్ళతోపాటు ఇదొకటి."

మళ్ళలో ఆడవాళ్ళంతా కిసుక్కుమన్నారు. సెక్రెటరీకి దగ్గొచ్చింది. అది తగ్గాక, "ఎవరినైనా కుడితే నాకు సంబంధం లేదు," అని వెళ్ళిపోయాడు. ఆయన నోట 'సరే' అన్న మాట అలాగే వస్తుంది.

కొత్త దూలం ఎక్కింది, దానికి ఆకుపచ్చ రంగు పడింది. పాతది రంగూ పాలీషూ లేకుండా దాని పక్కనే ఉండిపోయింది. అక్క వంగ మొక్కలకు పిందె దిగాక ఓ సాయంత్రం వడ్రంగి పందిరి కింద కూర్చున్నాడు. పైనుంచి సన్నటి పొట్టు అతని భుజం మీద పడుతోంది. ఇన్నేళ్ళూ తన రంపం పొట్టే భుజాన మోసిన మనిషి. ఇంకొకరి పని తాలూకు పొట్టు మీద పడడం ఇదే మొదలు.

తల పైకెత్తి ఆ గుండ్రటి చిల్లుల్ని చాలాసేపు చూశాడు. ఏ వంకా దొరకలేదు.