వీపు మీది బొగ్గు మచ్చలు

పోయిన ఆదివారం మా మందిరంలో పెద్దవయసు వాళ్ల కోసం ఒక కూడిక పెట్టారు. ఖమ్మంలో మేము కిరాయికి ఉండే వీధి చివరే ఆ మందిరం. కొత్తగా వచ్చిన చిన్న పాస్టరుగారు మైకు చేతికిచ్చి, ఎక్కడ పుట్టారు, ఏం పని చేశారు, మీ అభిరుచులేమిటి, దేన్ని నమ్ముతారు, ఒక్కొక్కరూ పరిచయం చేసుకోండి అన్నారు. నా ముందు కూర్చున్న టీచరమ్మ తన పూలమొక్కల గురించి ముచ్చటగా చెప్పింది. నా వంతు వచ్చింది. పేరు ఒక్కటే చెప్పి కూర్చున్నాను. ఆ ప్రశ్నలు వరసగా వింటే నా ఒళ్లు ఇప్పటికీ దెబ్బ కోసం బిగుసుకుంటుందని మా ఆవిడకు తెలుసు, అందుకే నా మోకాలి మీద వేసిన చెయ్యి తీయలేదు. అక్కడ చెప్పలేని పరిచయం నా ఈడు వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

పుట్టింది కల్లూరు పక్క పల్లెలో. మా నాయిన ఒక రైతు దగ్గర జీతానికి ఉండేవాడు. మీసాలు వచ్చీరాగానే నేను కొత్తగూడెం వైపు వచ్చి బొగ్గుగనిలో దిగాను. కప్పు కూలకుండా నిలబెట్టే కర్రలను కుడిభుజం మీద మోయడం, ఎత్తు చాలని చోట మోచేతుల మీద పాకడం నా పని. గనిలో గాయమైతే అందులోకి బొగ్గుపొడి దూరుతుంది, పైన చర్మం మూసుకుంటుంది, ఆ నీలి మచ్చ ఇక జన్మంతా పోదు. మాకు పచ్చబొట్లు గనే పొడిచిందని నవ్వుకునేవాళ్లం. పెళ్లిచూపుల నాడు మా అత్త నా మెడ వెనక మచ్చలు చూసి, పిల్లవాడు నిజంగానే లోపల పనిచేస్తున్నాడు, ఉత్త కోతలు కావని అప్పటికప్పుడే ఒప్పేసుకుందట.

అభిరుచి అంటే చేపల వేట. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, భద్రాచలం దాటాక అడవిలో ఒక కోయగూడెంలో ప్రార్థన మందిరం చూసుకునేవాడు. పెద్ద చదువు లేదు గానీ మంచి గొంతు ఉండేది. ప్రార్థనలు అయ్యాక మిగతా పొద్దంతా కావడి భుజాన వేసుకుని, నడవలేని ముసలమ్మల ఇళ్లకు వాగు నీళ్లు మోసేవాడు. సెలవు దొరికితే నేను వల చంకన పెట్టుకుని అక్కడికే పోయేవాడిని. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఇద్దరం చేపలు పట్టింది తక్కువ, కబుర్లు చెప్పుకున్నది ఎక్కువ.

ఒక వేసవి పొద్దున అట్లా నిలబడి ఉండగా తుపాకుల వాళ్లు వచ్చారు. ఏ వైపు వాళ్లో చెప్పను. ఆ రోజుల్లో అడవిలో రెండు వైపులా తుపాకులే, రెండు వైపులా ఇవే ప్రశ్నలు. ముందురోజే వాళ్ల మనుషుల్ని అవతలి వాళ్లు చంపారట, ఆ కసి మీద ఉన్నారు. మమ్మల్ని జుట్టు పట్టి ఒడ్డుకు లాగి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చొక్కాలు చింపారు. నా భుజం మీది కాయ, అరిగిన మోచేతులు చూసి, ఇది తుపాకీ మోసిన భుజమే, వీడు అవతలి పక్షం మనిషేనని తేల్చుకున్నారు. అప్పుడు మొదలైంది పరిచయం. పేరు చెబితే దెబ్బ, ఊరు చెబితే దెబ్బ. గనిలో పని అంటే తుపాకీ తిరగేసి పక్కటెముకల మీద కొట్టారు, ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. దేన్ని నమ్ముతావంటే యేసయ్యనన్నాను. ఒకడు నవ్వి, నా తల వాగులో ముంచి, ఊపిరాడక కొట్టుకునేదాకా పైకి తీయలేదు.

బావమరిది ఏడుస్తూ అడ్డుపడ్డాడు. "అయ్యా, గాయన మా బావ. గనిల పనిచేస్తడు. కర్రలు మోసి మోసి భుజం గట్ల కాయ కాసింది."

వాడిని కొట్టిన దెబ్బకు చెవిలోంచి నెత్తురు కారింది. అప్పుడు వాళ్లలో నడివయసు మనిషి ఒకడు నా వెనక్కి వచ్చి, వీపు మీది మచ్చను బొటనవేలితో రుద్ది చూశాడు. "ఇది బొగ్గు మచ్చ. మా నాయిన వీపు నిండ గిసొంటియే ఉండె. ఈడు గనోడే" అన్నాడు. దాంతో నన్ను వదిలేసి బావమరిదిని వెనక్కి తిప్పారు. వాడి భుజానికీ కాయ ఉంది. మచ్చ మాత్రం లేదు.

"గది కావడి కాయ అయ్యా, ముసలోళ్లకు నీళ్లు మోస్తడు" అన్నాను. తుపాకీ నా నోటి మీద పడింది, ముందు పళ్లు ఊడి ఒళ్లో పడ్డాయి. నెత్తురు ఉమ్ముకుంటూ మళ్లీ అదే చెప్పాను. గూడెంలో ఎవరినైనా అడగమని బతిమాలాను. ఎవరినీ అడగలేదు. ఒకడు నా మెడ మీద కాలు వేసి తొక్కిపట్టాడు. బావమరిదిని చెట్లలోకి తోసుకుపోతుంటే వాడు తల తిప్పి, "బావా, అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు. కాసేపటికి తుపాకీ పేలింది.

మరునాడు లోకానికి వాడి గురించి వేరే పరిచయం అందింది. వేరే పేరు, వేరే ఊరు, వాడు ఎన్నడూ పట్టని తుపాకీ. శవం దగ్గర కాపలా ఉన్నవాళ్లు మా అత్తను ఇతను నీకేమవుతాడని అడిగితే, "నా కడుపున పుట్టిండు. వాని పేరు నేను పెట్టిన, మీరు మార్చుడేంది" అంది. వాళ్ల ముఖాలు ఎట్లా ఉన్నాయో నేను చూడలేదు, నా కళ్లు వాచి మూసుకుపోయాయి.

ఇక నమ్మకం సంగతి. దేవుణ్ని ఇప్పటికీ నమ్ముతాను, ఆదివారం మందిరం తప్పను. ఆ పొద్దున వాగు దగ్గర ఆయన లేడని కూడా అంతే గట్టిగా నమ్ముతాను. ఈ మాట మైకులో ఎట్లా చెప్పేది? వయసు మీద పడితే కోపం చల్లారుతుందంటారు, నాకైతే చల్లారలేదు.

ఈమధ్య చుట్టాల పెళ్లికి ఆ దారినే పోయాం. వాగు మీద వంతెన కట్టారు, కార్లు ఆపుకుని జనం ఫొటోలు దిగుతున్నారు. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు, చొక్కా విప్పమనడం లేదు. మంచిదే, ఆ రోజులు పగవాడికి కూడా వద్దు. మా ఆవిడ అక్కడ చాయ్ కొట్టు ఆయనను, కావడితో నీళ్లు మోసిన పాస్టరు ఒకాయన ఈ గూడెంలో ఉండేవాడు, తెలుసా అని అడిగింది.

"ఎవరమ్మా గాయన?" అన్నాడతను, గ్లాసులు కడగడం ఆపి.

ఆ అడవిలో ఆ ప్రశ్న అంత మెత్తగా అడగగా నేను వినడం అదే మొదటిసారి. మా ఆవిడ తన తమ్ముడి అసలు పేరు చెప్పింది. ఆ పేరు తానెన్నడూ వినలేదన్నాడు.