బాపట్ల ప్లాట్‌ఫారం మీద చెదిరిన కార్డులు

ఒట్లు వేయడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్క సంగతికి మాత్రం ఎవరి మీద వేయమంటే వాళ్ల మీద వేస్తాను. జరిగింది. నాకే జరిగింది.

డెబ్బైల నాటి మాట. మాది రేపల్లె. నేను మద్రాసులో ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ చదువు చదువుతున్నాను. అప్పట్లో కంప్యూటర్ అంటే గదంత యంత్రం. ప్రోగ్రాంలో ఒక్కో వాక్యానికీ ఒక్కో అట్ట కార్డు. దాని మీద చిల్లులు పొడిచి, కట్టంతా యంత్రం గది కిటికీలో ఇచ్చి రావాలి. నా కట్టలో రెండు వందల పదకొండు కార్డులు. వరస తప్పితే అంతా పోయినట్టే.

నా ప్రోగ్రాం ఎన్నిసార్లు ఇచ్చినా ముగిసేది కాదు. తిరిగిన చోటే తిరిగేది. తప్పు వెతుక్కుందామని కార్డులను చెప్పుల పెట్టెలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. నాలుగు రోజులు చూశాను. దొరకలేదు. సోమవారం అప్పగించకపోతే ఏడాది పోతుంది. నాన్న అప్పటికే మిల్లులో గుమాస్తా పని మాట్లాడి ఉంచారు.

శనివారం రేపల్లె బండిలో తెనాలి వచ్చి, అక్కడ బండి మారి, బాపట్లలో అక్క ఇంటికి వెళ్లాను. రాత్రి భోజనమయ్యాక బావ నన్ను స్టేషన్‌లో దించాడు. మద్రాసు బండి అర్ధరాత్రి ఒంటిగంట దాటాక.

"పొద్దున్నే వెళ్లొచ్చు కదరా," అన్నాడు.

"కుదరదు బావా."

ఆయన వెళ్లిపోయాడు. ప్లాట్‌ఫారం చివర, గోడ మూల, బెంచీ మీద నేనొక్కణ్ణే.

కరెంటు పోయింది...

ఉలిక్కిపడి లేచాను. ఒళ్లోంచి పెట్టె జారింది. రబ్బరు బ్యాండు టప్పున తెగింది. తర్వాత... సర్ర్... సర్ర్... నేల మీద కార్డులు జారిపోతున్న చప్పుడు. వాటికి నంబర్లు వేసుకోమని సార్ చెబుతూనే ఉన్నారు. వేసుకోలేదు.

"కదలకు నాయనా. తొక్కుతావు. నేనిస్తా, అందుకో."

పక్కనే... ఆడ గొంతో మగ గొంతో తెలియలేదు.

బెంచీ మీద కూర్చుండిపోయాను. చెయ్యి చాపాను. ఒక కార్డు వచ్చింది. కాసేపు ఆగి... ఇంకొకటి. ఆ కార్డులకు ఒక మూల కత్తిరించి ఉంటుంది, తిరగబడితే తెలియడానికి. ప్రతి కార్డూ ఆ మూల నా బొటనవేలికే తగిలేలా వచ్చింది. ప్రతిదీ... ఆ చీకట్లో. ఇచ్చే చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా నాకు తగల్లేదు.

"మీకు కనిపిస్తోందాండీ?"

కార్డు వచ్చింది.

ఒకచోట మాత్రం చాలాసేపు ఆగింది...

"ఇది నీకొద్దులే."

"అన్నీ కావాలండి. ఒక్కటి లేకపోయినా..."

మళ్లీ కార్డులు రావడం మొదలైంది. ఇంకొకటి... ఇంకొకటి...

దూరంగా బండి కూత. ఇంజను దీపం వెలుగు ప్లాట్‌ఫారం మీద పాకుతూ వచ్చింది. నా చేతిలో కట్ట ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. వెనక గోడ, ముందు పట్టాలు. ఎవరైనా వెళ్లాలంటే నన్ను దాటుకునే వెళ్లాలి.

మద్రాసులో కట్టను యంత్రం ఇదివరకు అచ్చు వేసిచ్చిన కాగితంతో సరిచూశాను. వరస ఎక్కడా తప్పలేదు. నూట ముప్పై ఏడో కార్డు ఒక్కటే లేదు. మళ్లీ పొడిచి పెట్టాలి... ఎందుకో చెయ్యి రాలేదు. అలాగే ఇచ్చేశాను.

సాయంత్రానికి జవాబు వచ్చింది. ప్రోగ్రాం మొదటిసారి ముగిసింది. ఆ పోయిన కార్డులో ఉన్నది, ప్రతి చుట్టులోనూ లెక్కను మళ్లీ సున్నాకు తెచ్చే వాక్యం.

"ఎలా పట్టుకున్నావయ్యా?" అన్నారు సార్.

"ఒకరు చెప్పారు సార్."

"ఎవరు?"

కార్డులు మళ్లీ పెట్టెలో సర్దుకున్నాను.

పాసయ్యాను. కొన్ని నెలలకు బాపట్లలో దిగినప్పుడు ఒక ముసలి పోర్టరు నన్ను గుర్తుపట్టాడు.

"కరెంటు పోయిన రాత్రి అట్టముక్కలు ఏరుకుంది తమరే కదండీ?"

"ఆ రాత్రి నాతో ఎవరున్నారు?" ఆత్రంగా అడిగాను.

"ఎవరూ లేరండి. లాంతరు పట్టుకుని వచ్చానండి. తమరే మోకాళ్ల మీద పాకుతా ఏరుకుంటున్నారు. పిలిస్తే పలకలేదండి. రెండు గొంతులు వినపడితే ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూశానండి..." ఆగాడు. "రెండూ తమరివేనండి."

నేను బెంచీ మీదే కూర్చున్నాను. చెయ్యి చాపుకుని. లాంతరు వెలుగు... అసలు లేనే లేదు. నాకు బాగా గుర్తు.

ఆయనకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది? పోనీ... నాకు మాత్రం ఏముంది?